పరుపుల వీధిలో సువార్తమ్మ ఇల్లు

1981 ఎండాకాలం. నంద్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక సైకిల్ షాపు మేడమీద చిన్న గది అద్దెకు తీసుకుని, దాన్నే ఆఫీసు అనుకుంటూ పనిచేసేవాణ్ణి. స్థలాలు కొలవడం, ఇళ్ల ప్లాన్లు గీయడం, కొనేవాళ్ల తరఫున కాగితాలు పరిశీలించడం నా వృత్తి. ఆళ్లగడ్డలో కూడా పని ఉండేది కాబట్టి వారంలో సగం రోజులు ఆ బస్సుల్లోనే గడిచేవి. నా దగ్గరికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఫలానా ఇల్లు కొనాలని మనసులో నిర్ణయించుకున్నాకే వచ్చేవాళ్లు. అప్పుడు లోపం చెబితే, ఆ లోపం నేనే పెట్టినట్టు ముఖం మాడ్చుకునేవాళ్లు. సువార్తమ్మ మాత్రం అలా రాలేదు.

ఆమె ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసేది. ఏఎన్ఎం అంటే ఊరూరూ తిరిగి గర్భిణులను కనిపెట్టుకుని ఉంటూ, కాన్పులు చేస్తూ, పిల్లలకు సూదులు వేసే నర్సు. అప్పటికి నలభై ఏళ్లు ఉంటాయేమో. గొడుగు మడిచి గుమ్మం పక్కన ఆనించి, కుర్చీలో కూర్చుని నేరుగా విషయానికొచ్చింది.

"అన్నా, ఇల్లు కొనాల. నంద్యాల్లోనా, ఆళ్లగడ్డలోనా, యాడైతే నాకు తగినట్టు ఉంటాదో నువ్వు చెప్పాల."

"మీ ఇంటాయన ఏం చేస్తాంటాడమ్మా?" అని అడిగాను. ఆ రోజుల్లో అది అందరూ అడిగే మొదటి ప్రశ్న.

"పెండ్లి చేసుకోల్యా. కొనేదీ నేనే, ఉండేదీ నేనే."

"తోడబుట్టినోళ్లు?"

"తమ్ముడుండాడు. నేనే సదివించినా. వాని ఇల్లు వానికుండాది. ఆడ నేను చుట్టాన్నే గదా."

ఈ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. అద్దె ఇళ్లలో పడ్డ పాట్లు చెప్పినప్పుడూ అంతే. కాన్పుల కోసం వేళకాని వేళ తలుపు కొడతారని ఒక ఓనరు ఖాళీ చేయమన్నాడట. ఇంకో చోట ఓనరు కూతురు పురిటికి వస్తే సువార్తమ్మే కాన్పు చేసిందట. నెల తిరక్కుండానే ఆ ఇంటావిడ, ఉయ్యాల కట్టడానికి జాగా చాలడం లేదు, గది కావాలి అన్నదట.

"ఆ బిడ్డను బయటికి తీసింది నేను. ఆ బిడ్డ నన్ను బయటికి పంపించె" అని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఉద్యోగంలో కూడబెట్టుకున్నదంతా ఈ ఒక్క ఇంటి మీదే పెట్టబోతోంది. తప్పు జరిగితే సరిదిద్దుకోవడానికి మళ్లీ అంత వయసు, అంత సంపాదన ఆమెకు ఉండవు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

నేను మొదట చూపించింది నంద్యాల చివర కొత్తగా వేసిన లేఅవుట్. అంటే చేలను ప్లాట్లుగా విడగొట్టి, రోడ్లకు జాగా వదిలి అమ్మే చోటు. ధర ఆమెకు అందుబాటులో ఉంది, కాగితాలు శుభ్రంగా ఉన్నాయి. ఒక మూల ట్రయల్ పిట్ తవ్వించాను. పునాది వేసేముందు నేల స్వభావం తెలుసుకోవడానికి తీసే గుంత అది. లోతుదాకా నల్లరేగడే వచ్చింది. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దాంతోపాటు గోడలనూ చీలుస్తుంది. పునాది లోతుగా తీసి ఇసుక నింపితే ఇబ్బంది ఉండదని, రేపు ఈ చోటు బాగా పెరుగుతుందని వివరంగా చెప్పాను. ఆమె గుంతలోకి చూసి, తలెత్తి చుట్టూ చూసింది. ఎటు చూసినా తెల్లరంగు వేసిన హద్దురాళ్లు తప్ప ఇంకేమీ లేవు.

"పక్కిండ్లలో ఎవరుంటారన్నా?"

"ఇప్పుడెవరూ లేరు. ఐదారేండ్లు పోతే నిండిపోతాదిలేమ్మా."

"అంతవరకు నేనెవరితో మాట్లాడాల?"

అది నా పనికి సంబంధించిన ప్రశ్న కాదనుకున్నాను.

రెండోది నంద్యాల పాత ఊళ్లో ఒక చిన్న ఇల్లు. కప్పు గట్టిది, బావిలో తియ్యటి నీళ్లు, ఆసుపత్రికి నడిచి వెళ్లవచ్చు. ఈసీ కూడా తీయించాను. ఆస్తి మీద అప్పుగానీ, మరొకరికి అమ్మకంగానీ ఉందేమో రిజిస్ట్రారు ఆఫీసు రాసిచ్చే పత్రం అది. అందులో ఏ చిక్కూ లేదు. ఆమె ఒకరోజు తానొక్కతే వెళ్లి ఆ వీధి చూసి వస్తానంది. మళ్లీ వచ్చినప్పుడు "అది వద్దన్నా" అంది.

"ఏంది, ధర తగ్గిస్తాడేమో అడుగుదామా?"

"ధర గాదు. నాలుగిండ్లలో నీళ్లడిగినా. ఊరూ పేరూ అడిగినారు. ఎవరమ్మాయివని అడిగినారు. చెప్పినా. అందరూ దోసిట్లోకి పైనుంచి పోసినారు."

ఆ వీధిలోకి నేను చాలాసార్లు వెళ్లాను. పిలిచి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు. నేను భూమి ఉన్న రైతు కుటుంబంలో పుట్టినవాణ్ణి. నాకు దొరికిన మర్యాద అందరికీ దొరుకుతుందనుకున్నాను. ఆ ఇంటి గోడలన్నీ నా టేపుతో కొలిచి, కొనడానికి యోగ్యమైనదని నా చేత్తో రాసిచ్చిన ఇల్లది.

"కోపం లేదన్నా" అంది ఆమె, నా మొహం చూసి. "కొనకముందే తెలిసిపోయింది గదా. కొన్నాంక తెలిసుంటే ఏం చేద్దును?"

మూడో చోటు ఆమే వెతుక్కుంది. ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే దూదేకులవాళ్లు ఎక్కువగా ఉండే వీధి. పరుపుల వీధి అంటారు. సన్నటి దారి, మధ్యలో కాలువ, గాలిలో ఎప్పుడూ దూదిపింజలు. ఊళ్లోని పెద్దమనుషులు ఇల్లు కొనుక్కోవాలనుకునే చోటు కాదు. ఆ వీధిలో మస్తానమ్మ అనే ఆమె నీళ్లడిగిన సువార్తమ్మకు తాను తాగే చెంబే చేతికిచ్చిందట. ఏ ఊరు, ఎవరు అని అడక్కుండా, "ఎండలో వచ్చినావు, కూసోమ్మా. బొరుగులు తింటావా?" అందట. సాయంత్రం దాకా అక్కడే కూర్చుని, వాళ్ల కోడలి కాళ్ల వాపు చూసి, మందు చెప్పి వచ్చిందట. ఆ వీధిలోనే ఒక పాత మిద్దె అమ్మకానికి ఉంది.

మిద్దె చూశాను. నాపరాళ్లు పరిచిన నేల, మందపాటి రాతిగోడలు, పైన మట్టికప్పు. బాగుచేసుకుంటే గట్టిదే. చిక్కు కాగితాల్లో వచ్చింది. అమ్మే ముసలాయన పేరు సుబ్బయ్య. ఆయనకు నరసింహులు అని ఒక తమ్ముడు. తండ్రి పోయినప్పుడు చేను తమ్ముడికి, ఇల్లు అన్నకు అని నోటిమాటగా పంచుకున్నారు. పార్టిషన్ డీడ్, అంటే పంపకాల దస్తావేజు, రాసుకోలేదు. కాబట్టి తమ్ముడు కూడా సంతకం పెడితే తప్ప ఆ అమ్మకం నిలవదు. రేపు ఆయనో, ఆయన పిల్లలో వచ్చి సగం ఇల్లు మాదంటే ఈమె చేయగలిగింది ఏమీ ఉండదు.

"ఆయప్ప యాడుండాడు?" అని సుబ్బయ్యను అడిగాను.

"అహోబిలంలో టెంకాయలంగడి పెట్టుకోనుండాడు. మాకు మాటల్లేవు. వాడు రాడు. ఊరికే పోయి అడగొద్దు" అన్నాడు ముసలాయన. ఒక వ్యాపారి ఆ ఇంటిని గోడౌనుగా వాడుకోవడానికి అడుగుతున్నాడని, అతనికి ఈ కాగితాల పట్టింపు లేదని కూడా అన్నాడు. వారం కన్నా ఆగలేనన్నాడు.

"సంతకం లేకుండా నేను కొనమని చెప్పలేనమ్మా" అన్నాను సువార్తమ్మతో. ఆ ఇంటి మీద ఆమెకు ఎంత ఆశ పుట్టిందో నాకు కనిపిస్తూనే ఉంది. మరొకరైతే నన్ను పక్కన పెట్టి కొనేసేవాళ్లు. ఆమె "సరే, ఆయప్పనే పోయి అడుగుదాం పా" అంది.

మరుసటి రోజే ఇద్దరం అహోబిలం బస్సెక్కాం. నరసింహులు అంగడి గుడికి వెళ్లే దారి పక్కనే ఉంది. టెంకాయలు పీచు తీస్తూ మా మాట విన్నాడు. నేను పంపకాల సంగతి, ఆయనకొచ్చే నష్టం ఏమీ లేదన్న సంగతి చెప్పుకుంటూ పోయాను.

"నష్టమెవరు అడిగినారప్పా" అన్నాడు తల ఎత్తకుండా. "వాని కాగితం మీద నా చెయ్యి పడదు. పోండి."

నేను లేవబోయాను. సువార్తమ్మ కదల్లేదు. "సంతకం సంగతి ఇడిసిపెట్టు నాయనా. ఆ ఇంట్లోకి పోయి ఎన్నాళ్లయింది నువ్వు?" అని అడిగింది.

ఆయన చేతిలోని కత్తి ఆగింది. దాన్ని పక్కన పెట్టి చెప్పాడు. తల్లి జబ్బుపడి ఉన్నప్పుడు అన్నతో గొడవై, ఇంటికి రావద్దనిపించుకున్నాడట. తల్లి పోయిన రోజు వచ్చాడు. శవాన్ని వీధిలోకి తెచ్చాకే చూశాడు. గడప దాటనివ్వలేదు.

"మాయమ్మ పండుకున్న మూల నేను సూళ్లేదు తల్లీ" అన్నాడు.

"అయితే రా, సూద్దువు. మీ అన్నతో నేను మాట్లాడతా. చూసినాంక కూడా సంతకం పెట్టబుద్ధి కాకపోతే పెట్టొద్దు. నేను ఇంకో ఇల్లు చూసుకుంటా."

నేను ఉలిక్కిపడ్డాను. బేరంలో ఎవరూ అలా మాట్లాడరు. కానీ ఆమె బేరం ఆడటం లేదు. మనిషి నొప్పి చెబుతుంటే విని, దానికి తగిన పని చెప్పడం ఆమె వృత్తి. అదే చేసింది.

నరసింహులు మూడోనాడు వచ్చాడు. సువార్తమ్మ అప్పటికే సుబ్బయ్యతో మాట్లాడి ఉంచింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ముసలాయన మాత్రం తలుపులు రెండూ తెరిచి, తాను పక్కకు జరిగి, గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. నరసింహులు చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. దక్షిణపు మూల దగ్గర నేల మీద కూర్చుని రాయి మీద అరచెయ్యి పెట్టాడు. మేమెవరమూ లోపలికి వెళ్లలేదు. వీధిలో దూది ఏకే చప్పుడు కూడా ఆగిపోయింది. మస్తానమ్మ వాళ్లు గుమ్మాల్లోకి వచ్చి నిలబడ్డారు.

కొంతసేపటికి లోపలినుంచి గొంతు వినిపించింది.

"దూలం మార్చినావే."

"చెదలు పట్టె" అన్నాడు సుబ్బయ్య, గోడవైపే చూస్తూ.

"నాతో చెప్పింటే టేకు పంపించింటి."

సుబ్బయ్య పై కండువాతో మొహం తుడుచుకుని, గడప దాటి లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో బయటికి వినిపించలేదు. మస్తానమ్మ టీ కాచి రెండు గ్లాసులు లోపలికి పంపింది.

ఆళ్లగడ్డ రిజిస్ట్రారు ఆఫీసులో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే సంతకాలు పెట్టారు. దస్తావేజు చదివి వినిపిస్తుంటే, కొనుగోలుదారు ఫలానావారి కుమార్తె సువార్తమ్మ, స్వార్జితంతో కొన్నది అన్న చోట ఆమె "మళ్లోసారి చదువన్నా" అని రాసినాయన్ని అడిగింది. ఆయన విసుక్కోకుండా మళ్లీ చదివాడు. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నాలుగైదేళ్ల తర్వాత ఆ వీధిలోనే మరో ఇల్లు కొలవడానికి వెళ్లినప్పుడు సువార్తమ్మకు టైఫాయిడ్ అని తెలిసి చూడబోయాను. తలుపు బార్లా తెరిచి ఉంది. మస్తానమ్మ కోడలు తల దగ్గర కూర్చుని తడిగుడ్డ వేస్తోంది. పల్లెనుంచి ఎవరో బిడ్డతల్లి కోడిగుడ్లు తెచ్చి గుమ్మంలో నిలబడింది. మంచం పక్కన మూడు గిన్నెలు మూతలు పెట్టి ఉన్నాయి.

పలకరింపులయ్యాక మాటల్లో నోరు జారి, నంద్యాల లేఅవుట్లో ప్లాట్ల ధరలు బాగా పెరిగాయని, అప్పుడు కొని ఉంటే ఈపాటికి మంచి లాభం వచ్చేదని అన్నాను. నిజం కూడా అదే. లెక్క ప్రకారం నా సలహా తప్పు కాదు.

"పెరగనీలేన్నా. ఆడ కొన్నోళ్లు బాగుపడితే మంచిదే గదా" అంది నీరసంగా నవ్వుతూ. "నాకీడ జ్వరమొస్తే మూడిండ్లనుంచి జావ వస్తాంది. ఎవరిది తాగకపోతే ఎవరికి కోపమొస్తాదోనని సస్తాండా."

మస్తానమ్మ కోడలు "మాదే తాగల్ల" అంది. ముగ్గురం నవ్వాం.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ వృత్తిలో ఉన్నాను. ఇల్లు చూడమని వచ్చినవాళ్లను, ముఖ్యంగా ఒంటరిగా కొనేవాళ్లను, ముందు ఆ వీధికి ఒక పూట వెళ్లి, నలుగురితో మాట్లాడి రమ్మని పంపేవాణ్ణి. కొందరు నన్ను వింతగా చూశారు. కొందరు తిరిగొచ్చి, ఇంకో చోటు చూపమన్నారు. అలా వేరే చోటు అడిగినవాళ్లలో ఒక్కరు కూడా తర్వాత నన్ను తప్పుపట్టలేదు.

నేలలో బలం ఉందా, కాగితాల్లో లోపం ఉందా అన్నది చూసి చెప్పడం నాకు మొదటినుంచీ వచ్చిన పనే. కొనే మనిషి ఎవరు, ఆ మనిషిని ఆ వీధి ఎలా చూస్తుంది అన్నది కూడా నా పనిలో భాగమేనని నాకు నేర్పింది సువార్తమ్మ. అంతవరకు నేను ఇళ్లనే చూశాను. ఆమె తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను ఇచ్చిన మంచి సలహాలో ఆమె పాలు ఉంది. ఆ సంగతి వాళ్లకు తెలియదు. నాకు తెలుసు కాబట్టి, నేనే ఆమెకు దణ్ణం పెట్టుకుంటాను.