కృపామణి ఎడమచేతి గిటారు

పెళ్ళయి పూతలపట్టుకు వచ్చిన కొత్తల్లోనే కృపామణి అక్కడి ప్రార్థన మందిరంలో బేస్ గిటారు భుజాన వేసుకుంది. అప్పటిదాకా వాయిస్తున్న మనిషి రేణిగుంటలో పని దొరికి వెళ్ళిపోతే, నాకొచ్చు అని తనంతట తానే లేచి ముందుకు నడిచింది. చిన్నప్పుడు చిత్తూరు హాస్టల్లో నేర్చుకున్న విద్య అది. నాలుగే తీగలు, లావుపాటివి. పాటలో దాని మోతను వేరుగా వినేవాళ్ళు తక్కువ. అది ఆగిపోయినప్పుడు మాత్రం పాట డొల్లగా అయిపోయిందని చప్పట్లు కొట్టే ముసలమ్మలకు కూడా తెలిసిపోతుంది.

మామిడికాయల కాలంలో ఆమె బంగారుపాళ్యం దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీకి కూలికి పోయేది. రెండేళ్ళ కిందట ఒక వేసవిలో, పండ్లను ముందుకు తోసే బెల్టు పక్కన మూత లేని చోట ఆమె ఎడమచెయ్యి చిక్కుకుంది. మధ్యవేలు, ఉంగరపు వేలు సగానికి పోయాయి. పరధ్యానంగా ఉండింది కాబట్టే అలా జరిగిందని సూపర్‌వైజరు అందరితో చెప్పాడు. కృపామణి చేతి కట్టుతోనే ఫ్యాక్టరీకి వెళ్ళి, పనివాళ్ళంతా వింటుండగా అతన్ని నిలబెట్టి అడిగింది.

"ఆ మూత పీకి పక్కన పెట్టింది ఎవురన్నా? నేనా? మళ్ళా యాల బిగించలేదు?"

ఆ వారంలోనే మూత బిగించారు. తరవాతి ఏడు మాత్రం ఆమెను పనికి పిలవలేదు. ఆమె ఇంటి ముందే పొయ్యి పెట్టి పొద్దునపూట ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది.

అంతకంటే ఎక్కువ బాధ మందిరంలో కలిగింది. పాటల బృందాన్ని నడిపేది ఇమ్మానుయేల్. ఆమెకంటే చిన్నవాడు, మంచివాడే. చెయ్యి మానాక ఆమె మందిరానికి వెళ్ళేసరికి అతను కీబోర్డులోనే బేస్ మోత కలిపి వాయిస్తున్నాడు. ఆమె చేతికి ఒక గిలక తప్పెట ఇచ్చి, "ఇది పట్టుకోక్కా. నువ్వు నిలబడుకుంటే సాలు మాకు" అన్నాడు.

కృపామణి దాన్ని కుర్చీ మీద పెట్టింది. "తీగలు తిరగేసి కట్టుకుంటే ఎడమచేత్తో మీటి, కుడిచేత్తో నొక్కుతాను. నేర్చుకుంటాను" అంది.

"సంఘం గిటారక్కా అది. తారుమారు చేస్తే రేపు ఇంగొకరు వాయించేదెట్ల?"

ఆ మాటలో న్యాయం ఉంది. అందుకే ఆమె వాదించలేదు. ఆ తప్పెట మాత్రం ముట్టుకోలేదు. ఆ రోజు నుంచి ఆడవాళ్ళ వరసలో చివర కూర్చుని, పాట జరుగుతున్నంతసేపూ మోకాలి మీద వేళ్ళు కదుపుతూ ఉండేది.

ఆమె భర్త దయానంద్ ట్రాలీ ఆటో నడుపుతాడు. చిత్తూరులో మునిరత్నం అనే వడ్రంగి దుకాణానికి చెక్కలు తోలుతుంటాడు. ఒక రోజు అన్నం తింటూ, ఆ దుకాణం గోడకు సగం చేసిన గిటారు ఒకటి వేలాడుతోందని నోరు జారాడు. చెప్పాక ఎందుకు చెప్పానా అనుకున్నాడు, ఎందుకంటే మరుసటి ట్రిప్పుకు ఆమె ఆటోలో ముందే ఎక్కి కూర్చుంది.

మునిరత్నం తలుపులు, మంచాలు చేసే మనిషి. పొట్టు దులిపి గిటారును బల్ల మీద పెట్టాడు.

"కాలేజీ పిల్లోళ్ళు వచ్చి నాలుగు తీగల గిటారు ఒకటి సూపించి ఇట్లాంటిది చెయ్యమనిరి. కొలతలన్నీ దాన్నించే తీసినా. వీణకు వాడేది పనసే గదా అని పనస చెక్కే పెట్టినా. సగమైనాంక వాళ్ళు మళ్ళా ఈ పక్కకే రాలేదు. మెడ మీద వేళ్ళు నొక్కే మెట్లు నాకు కుదరలేదమ్మా. ఇత్తడి తీగ కొట్టినా. ఒకటి పైకి లేస్తే ఒకటి లోపలికి పాయె."

కృపామణి దాన్ని తిరగేసి చూసింది. ఒంటికి రంగు లేదు. తీగలు ఆనే ఎముక పట్టీకి ఇంకా గాట్లు పెట్టలేదు. మెడకు రెండు పక్కలా ఉండే కొమ్ములు ఒకే ఎత్తులో ఉన్నాయి. కుడిచేతివాళ్ళకు, ఎడమచేతివాళ్ళకు అనే తేడా ఇంకా ఆ చెక్కకు పెద్దగా రాలేదు. ఆమె దాన్ని ఎడమవైపు మీటేలా ఒళ్ళో పెట్టుకుంది. అది సరిగ్గా అమరింది.

"నాకియ్యన్నా. పూర్తి చేసుకుంటాను."

మునిరత్నం ఆమె చేతి వంక చూశాడు. "ఈ చేత్తోనా?"

"సుత్తి కొట్టేది కుడిచెయ్యి. ఎడమది పట్టుకుంటే సాలు గదా."

"ఎత్తుకోని పోమ్మా. పొయ్యిలో పెట్టేదానికి నాకు మనసు రాలేదు."

ఆమె మొదట దాన్ని తిరుపతిలో గిటార్లు బాగుచేసే ఒకతని దగ్గరికి తీసుకెళ్ళింది. అతను చెక్కను కాస్త, ఆమె వేళ్ళను ఎక్కువ చూసి, "ఇంట్లో గోడకు తగిలించుకోండమ్మా, అందంగా ఉంటుంది" అన్నాడు. ఆమె అతని దగ్గరే మెట్లకు వాడే నికెల్ తీగ, తీగల కదలికను కరెంటుగా మార్చే అయస్కాంతపు పెట్టె, తీగల సెట్టు కొనుక్కుని బస్సెక్కింది.

ఇడ్లీ గిన్నెలు కడిగేశాక మధ్యాహ్నాలు పని మొదలయ్యేది. వరండాలో గోనెసంచిలో ఇసుక పోసి, దాని మీద గిటారు మెడను పడుకోబెట్టేది. ముందు పాత ఇత్తడి మెట్లు పీకాలి. టంకం వేసే కడ్డీతో ఒక్కో మెట్టును వేడిచేసి, జిగురు కరిగాక కటింగ్ ప్లేయరుతో మెల్లగా లేపింది. మూడో మెట్టు దగ్గర తొందరపడింది. మెట్లు దిగే నల్లచెక్క నుంచి పెచ్చు లేచిపోయింది. అదే చెక్కను ఆకురాయితో రాకి, ఆ పొడిని జిగురులో కలిపి గుంట పూడ్చింది.

ఆమె అత్త సంతోషమ్మ వాకిట్లో కూర్చుని అన్నీ చూస్తూ ఉండేది.

"ఏమ్మే, ఆ కట్టెకు పెండ్లి చేస్తాండావా? రెండేండ్లుగా ఇంటి కప్పు దంతెలు, కిటికీలు విరిగి ఉండాయి. అవి కనపడలేదా?"

"కిటికీలు ఎవురైనా చేస్తారత్తా. ఇది నేను తప్ప ఇంగెవురూ చెయ్యరు."

కొత్త మెట్లు కొట్టడం మొదలుపెట్టాక అసలు కష్టం తెలిసింది. తీగ ముక్కను గాడిలో నిలబెట్టి వేళ్ళతో నొక్కి ఉంచాలి. చివర్లు నొక్కితే మధ్య లేస్తుంది, మధ్య నొక్కితే చివర్లు లేస్తాయి. సగం వేళ్ళు జారేవి. సుత్తి ఒకసారి బొటనవేలి మీద పడింది. నొప్పికి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. సంతోషమ్మ లేచి లోపలికి వెళ్ళి, చలవ చేసే ఆకు నూరి తెచ్చి ఇచ్చింది. కృపామణి ఆకు పసరు వేలికి పట్టించి, ఆ ముక్క పూర్తిగా దిగేదాకా కొట్టింది. తరవాత ఉపాయం దొరికింది. తీగను ముందే కొంచెం విల్లులా వంచితే చివర్లు తమంతట తాము గాడిని పట్టుకుంటాయి, నొక్కే వేళ్ళ అవసరమే పెద్దగా ఉండదు.

దయానంద్ ఒక సాయంత్రం ఆటో ఆపి చాలాసేపు చూశాడు.

"కృపా, నువ్వు చేసేదంతా బాగనే ఉండాది. ఆడికి ఎత్తుకోని పోయినాంక నవ్వుతారేమోనని నాకు బయంగా ఉండాది."

"నవ్వనీ."

"నీకేం కాదులే. నేనే తట్టుకోలేను."

ఆమె సుత్తి కింద పెట్టి అతని వంక చూసింది. "అయితే ఆ పొద్దు ఆటో తోలుకోని యాడికన్నా పో. నేను మాత్రం వాయిస్తా."

మెట్లన్నీ దిగాక అయస్కాంతపు పెట్టె బిగించి, తీగలు కట్టి మీటింది. ఒక్క చోటా శుద్ధమైన మోత లేదు. ప్రతి మెట్టు మీదా జర్రుమని తుమ్మెద కొట్టుకున్నట్టు శబ్దం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కూడా. గిటారును గోడకు ఆనించి, మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయింది. రెండు మూడు రోజులు దాని వైపు పోలేదు. తిరుపతి మనిషి మాట నిజమేమో అనిపించినప్పుడు మాత్రం ఒళ్ళు మండి లేచింది.

తీగలు విప్పేసింది. మెట్ల తలలన్నిటికీ నల్ల మార్కరుతో సిరా పూసింది. పొడవైన ఆకురాయిని చదునుగా పెట్టి మెడ పొడుగునా రాకింది. ఎత్తుగా ఉన్న మెట్ల మీద సిరా ముందు పోతుంది, పల్లంగా ఉన్న వాటి మీద నిలుస్తుంది. మార్కరు పూయడం, రాకడం, మళ్ళీ పూయడం. అన్ని తలల మీదా సిరా ఒక్కసారే పోయేదాకా వదల్లేదు. ఆ తరవాత ఒక్కో మెట్టుకు గుండ్రటి తల తీసి, ఉప్పుకాగితంతో నునుపు చేసింది. మెడ అంచు చెయ్యి కోయకుండా చివర్లు అరగదీసింది. వాయించేవాళ్ళకు చోటు చూపే చుక్కలు మెడకు రెండో అంచున, ఆమెకు కనపడని వైపు ఉన్నాయి. ఆమె కొత్త అంచున చిన్న రంధ్రాలు తొలిచి, సుద్ద కలిపిన జిగురుతో నింపుకుంది. ఎముక పట్టీకి గాట్లు తన చేతికి తగ్గట్టు, లావుతీగ ఇటు, సన్నతీగ అటు పెట్టింది.

రంగు వెయ్యలేదు. పనసచెక్క పసుపుపచ్చ రంగు ఆమెకు నచ్చింది. లిన్సీడ్ నూనె మాత్రం రుద్దింది.

మీటితే మోత శుభ్రంగా వచ్చింది. ఆ మోత విని సంతోషమ్మ, "ఎట్లైనా మోగింది" అని లోపలికి వెళ్ళిపోయింది. కానీ కుడిచేతి వేళ్ళకు మెట్లు తెలియవు. చిన్నపిల్ల అక్షరాలు దిద్దినట్టు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. వర్షాకాలం పోయి చలి వచ్చేదాకా ఆమె వరండాలో అదే పని చేసింది. వేళ్ళ చివర్లు బొబ్బలెక్కి, తరవాత గట్టిపడ్డాయి.

ఒక ఆదివారం పొద్దున గిటారు సంచి భుజాన వేసుకుని ఆమె మందిరానికి నడిచింది. దయానంద్ ఆటో తీసుకుని యాడికీ పోలేదు. వెనకాలే వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. కృపామణి ఆడవాళ్ళ వరస దాటి, పూర్వం తాను నిలబడే చోటికి వెళ్ళి, స్పీకరుకు వైరు తగిలించింది.

ఇమ్మానుయేల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఇట్ల ఒక్కసారిగా ఎట్ల? ప్రాక్టీసు లేకుండా ఆరాధనలో..."

"నువ్వు పిలిస్తే ప్రాక్టీసుకు వచ్చేదాన్ని. పిలవలేదు. ఇప్పుడు వచ్చినా."

"తప్పు పోతే అందురూ సూస్తారు."

"సూడనీ. తప్పు నాది, చెయ్యి నాది. నీకు మాట రాదులే."

అతను ఆమె గిటారు వైపు చూశాడు. ఆ పసుపుపచ్చ చెక్కనూ, మెరిసే మెట్లనూ ఎవరు చేశారో అప్పుడే అర్థమైనట్టుంది. పాస్టరు గోవిందయ్య బైబిలు మూసి, "ఇమ్మానుయేలూ, పాట మొదులుపెట్టు నాయనా" అన్నాడు. అంతే.

పాట మొదలైంది. మొదటి చరణంలోనే ఆమె వేలు పక్క మెట్టు మీద పడింది. యువకుల వరసలో ఎవరో కిచకిచ నవ్వారు. దయానంద్ తల దించుకోలేదు. ఆమె కూడా ఆగలేదు. కష్టమైన స్వరాలు వదిలేసి, ప్రతి వరసకూ ఒక్క లావు మోత మాత్రం సరిగ్గా పెట్టుకుంటూ పోయింది. రెండో పాటకు కీబోర్డులో కలిపి పెట్టిన బేస్‌ను ఇమ్మానుయేల్ ఎవరూ చెప్పకుండానే ఆపేశాడు.

ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటుంటే అతను ఆమె దగ్గరికి వచ్చాడు.

"బాగనే వాయించినావక్కా. రెండు చోట్ల వెనకబడినావు."

"మూడు చోట్ల," అంది కృపామణి వైరు చుట్టుకుంటూ. "ఒకటి నీకు వినపళ్ళేదు."

ఇమ్మానుయేల్ నవ్వలేదు, నొచ్చుకోలేదు. శనివారం ప్రాక్టీసు ఉందని చెప్పాడు. వచ్చే ఆదివారానికి బృందం పాడేవాటిలో అన్నిటికంటే వేగమైన పాట ఎంచాడు. ఆమెను పరీక్షించాలనో, వెనక్కు తగ్గుతుందనో, అతనికే తెలియాలి. శనివారం ఆమె అందరికంటే ముందు వెళ్ళి, మెట్లు గుడ్డతో తుడుచుకుంటూ కూర్చుంది. అతను రాగానే తలెత్తి అడిగింది.

"ఆ పాట ఏ స్కేలులో?"