తెరేసమ్మ ఇష్టం

మా తెరేసమ్మ పిన్ని చాలాకాలం పెనమలూరు పొలాల్లో నాట్లకు వెళ్లేది. డెబ్బై రెండులో శౌరయ్య బాబాయికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పని దొరికాక, పటమటలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అక్కడే పిన్ని కుట్టుమిషను నేర్చుకుంది. వన్‌టౌన్‌లో బట్టల షాపున్న వెంకటకృష్ణారావుగారు కత్తిరించిన లంగాల మూటలు ఇంటికే పంపేవారు.

"ఆసామి కేకల్లేవు. ఇష్టమైతే కుడతా, లేకపోతే లేదు," అని మురిసిపోయేది పిన్ని.

పొలంలో పొద్దువాలితే పని ఆగేది. ఇంట్లో ఆపేవాళ్లే లేరు. పొయ్యిమీద కూర మాడుతున్నా మిషను మీంచి లేచేది కాదు. బాబాయి విసుక్కుంటే, "ఎవరు కుట్టమన్నారు? నా ఇష్టం కొద్దీ కుడుతున్నా," అని కసిరేది.

ఒక ఏడు గుణదల మాత తిరునాళ్లకు ముందురోజు పెద్ద మూట వచ్చింది, మర్నాటికల్లా కావాలని. పిన్ని షాపుకెళ్లి, "రేపు కొండకెళ్లాలండీ," అంది.

"దానికేమమ్మా! మీకు మీరే యజమాని. మీ ఇష్టం," అన్నారాయన నవ్వుతూ.

పిన్ని సంతోషంగా కొండెక్కి కొవ్వొత్తి వెలిగించి వచ్చింది. ఆ తర్వాత మూటలు రాలేదు. వెళ్లి అడిగితే, "పక్కవీధి సుబ్బరత్నానికి ఇస్తున్నామమ్మా. మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని," అన్నారు, అంతే మర్యాదగా.

తిడితే తిరిగి తిట్టేదే. ఈ మర్యాదను తిట్టలేక దారంతా ఏడ్చింది. పోట్లాడదామని నేరుగా సుబ్బరత్నం ఇంటికి పోయింది. ఆమె ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో కుడుతోంది.

"పడుకోవేమే?"

"పడుకుంటే ఇంకొకరికి పోద్దిగా అక్కా!"

పిన్ని ఆమెను లేపి మంచమెక్కించి, మిగిలిన లంగాలు తనే కుట్టింది.

జ్వరం తగ్గాక ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగి, ఆ షాపుకు కుట్టే ఆడవాళ్లందర్నీ ఒకచోట చేర్చారు. ఆదివారం ఎవరూ మిషను తొక్కకూడదు, ఒకరి మూట మరొకరు తీసుకోకూడదు అనుకున్నారు. అందరూ కలిసి షాపుకెళ్లేసరికి ఆయన మొహం ముడుచుకుంది.

"ఇదేంటమ్మా, ఎవరిష్టం వాళ్లది కదా?"

"ఒక్కొక్కరి ఇష్టం మీ దగ్గర చెల్లలేదండీ. అందుకే అందరం వచ్చాం," అంది పిన్ని.

కొన్నాళ్లు పని ఆగింది. ఒకరిద్దరు జారుకున్నారు కూడా. పెళ్లిళ్ల సీజను రాగానే మళ్లీ కుట్టమని ఆయనే మనిషిని పంపారు. మిగతా రోజుల్లో చాకిరీ ఏమీ తగ్గలేదు. ఆదివారం సెలవు మాత్రం నిలిచింది.

ఒక ఆదివారం పిన్ని నన్ను బ్యారేజీకి తీసుకెళ్లింది. వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పోస్తూ, "రేపు మళ్లీ మూటొస్తదే," అని నవ్వింది. ఇంటికెళ్లే తొందరేం లేదు. నీళ్లు చూస్తూ చాలాసేపు అక్కడే కూర్చున్నాం.