కంటిన్యుటీ కోసం ఆపిన బీరపందిరి

మా చిన్నప్పుడు... ఫిల్మ్‌నగర్ గుట్టల కింద మాకు అరెకరం ఉండేది. ఇప్పుడు ఈ మాట చెబితే ఆఫీసులో ఎవరూ నమ్మరు. "అక్కడ పొలమేంటి?" అంటారు. పొలమే మరి... ఒక బావి, మోటారు, రెండు బర్రెలు, నాలుగు మడుల గోంగూర, తోటకూర, ఒక పెద్ద బీరపందిరి.

చలి తగ్గగానే నాయిన బీరవిత్తులు పెట్టేవాడు. శివరాత్రికి తీగ పందిరి ఎక్కేది, ఉగాదికి కాయలు వేలాడేవి. పొద్దున్నే నాయిన మోటారు వేస్తే నేను మట్టి అడ్డం పెట్టి ఒక్కో మడికీ నీళ్లు మళ్లించేదాన్ని. అమ్మ ఆకుకూర కట్టలు కట్టేది. నానమ్మ గంప ఎత్తుకుని ఎర్రగడ్డ మార్కెట్‌కు మొదటి బస్సు ఎక్కేది. వేసవి సెలవుల్లో ఇంతకంటే నాకు తెలిసిన లోకం లేదు.

నాకు ఏడేళ్లప్పుడు, ఉగాది వెళ్లిన వారానికి షూటింగ్ వాళ్లు వచ్చారు. మా పందిరి కింద చిన్న సీను... హీరోయిన్ బీరకాయలు కోస్తుంటే పక్కన ఒక పల్లెటూరి పాప పడీపడీ నవ్వాలి. వాళ్లు తెచ్చిన పాప తీగ మీద గొంగళిపురుగును చూసి ఏడుపు లంకించుకుంది. దాంతో నన్ను నిలబెట్టారు. నవ్వడం నాకేం కొత్త? పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను.

సీను సగం అయ్యేసరికి మబ్బు పట్టింది. అందరూ సామాను సర్దేసుకున్నారు. కృష్ణానగర్‌లో గది తీసుకుని ఉండే అసిస్టెంట్ డైరెక్టర్ ఒకతను పందిరికీ నాకూ కలిపి ఫొటో తీసుకున్నాడు.

"మిగతాది నాలుగు రోజుల్లో తీసేస్తామండీ. కంటిన్యుటీ ఉంది, రెండు ముక్కలూ అతకాలంటే పందిరి ఇలాగే ఉండాలి" అని నాయినతో చెప్పి, నా వైపు తిరిగాడు. "నువ్వు కూడా అంతే పాపా. అచ్చం ఇలాగే ఉండాలి. మారిపోయావంటే నీ సీను తీసేస్తారు!"

నాయిన సరేనని మాటిచ్చేశాడు.

నాలుగు రోజులు పది రోజులయ్యాయి... ఆ తర్వాత నెల. హీరోయిన్ డేట్లు దొరకలేదట. నాయిన కృష్ణానగర్ వెళ్లి అడిగినప్పుడల్లా రేపో మాపో అనేవారు. పందిరి మీది కాయలు ముదిరిపోతున్నాయి. ముదిరిన కాయలు అలాగే ఉంటే తీగ కొత్త పిందె వేయదు.

"గీ కాయను ఆగుమంటే ఆగుతదారా? దానికి గా సినిమావాళ్ల ముచ్చట ఏం ఎరుక?" అని నానమ్మ తల కొట్టుకునేది.

"మాటిచ్చిన గదనే అవ్వా... ఎట్ల తప్పుత?" అనేవాడు నాయిన.

ఇంటికి కూర కోసం కూడా ఒక్క కాయ కోయనివ్వలేదు. బీరపందిరి పెట్టుకుని నెలంతా గోంగూరే తిన్నాం!

నా గోల వేరే. సినిమాలో ఉన్నానని బడిలో అందరికీ చెప్పేశాను... సరిగ్గా అప్పుడే నా ముందు పన్ను కదలడం మొదలైంది. నేను మారకూడదు కదా! పాలు తాగితే ఎదుగుతావు అని అమ్మ అంటుంది కాబట్టి పాలు మానేశాను. మామిడికాయ కొరకలేదు. పాలు తాగమని ఇంట్లో తిడతారు, మారొద్దని సినిమా అతను చెప్పాడు... ఎవరి మాట వినాలో నాకు అర్థమయ్యేది కాదు.

చివరికి ఒక మధ్యాహ్నం మజ్జిగన్నం తింటుంటే పన్ను ఊడి కంచంలో పడింది. గాలిపటాలు మెతుకులతోనే అంటిస్తాం కదా అని, అన్నం మెతుకు పెట్టి దాన్ని అంటించుకోబోయాను. అంటుకుంటేనా! నానమ్మ చూసి నా చేతిలోంచి లాక్కుని, పేడలో పెట్టి ఇంటి కప్పు మీదకు విసిరేసింది. నేను ఆ రోజంతా ఏడ్చాను.

రోహిణి కార్తెలో వాళ్లు వచ్చారు. తీగ ఎండిపోయింది. కాయలన్నీ ఒళ్లు రుద్దుకునే పీచు అయిపోయాయి. అసిస్టెంట్ డైరెక్టర్ ఫొటో చూశాడు, పందిరి చూశాడు, నన్ను చూశాడు.

"ఒక్క కాయ ముట్టలే సార్. మీరు చెప్పినట్టే ఉంచినం" అన్నాడు నాయిన, ఎంతో గర్వంగా.

అతను బావి గట్టు మీద కూర్చున్నాడు. "అయ్యో... కోసుకోవాల్సిందండీ! పందిరి పీకేయొద్దన్నాను గానీ కాయలు కోయొద్దనలేదు కదా. కాయలు మేం కట్టుకుంటాం."

నిజంగానే కట్టారు. ఎర్రగడ్డ మార్కెట్ నుంచి రెండు గంపల బీరకాయలు తెచ్చి దారాలతో వేలాడదీశారు. ఎండుటాకులకు పచ్చరంగు కొట్టారు. గంటలో పందిరి మళ్లీ ఉగాదినాటిలా అయిపోయింది. నానమ్మ దాని కింద నిలబడి ఒక కాయ పట్టుకుని చూసి వదిలేసింది. నాయిన మాత్రం సాయంత్రందాకా పందిరి వైపు తలెత్తలేదు. నాకు ఆయన్ని చూస్తే భయమేసింది, తప్పు ఎవరిదో తెలియక.

నా పన్నుకు మాత్రం వాళ్ల దగ్గర ఉపాయం లేదు. "నోరు మూసుకుని నిలబడు పాపా" అన్నారు. నిలబడ్డాను.

మళ్లీ బీరవిత్తులు పెట్టే కాలం వచ్చేసరికి ఆ పొలం అమ్ముడుపోయి, అందులో అపార్ట్‌మెంట్ పునాదులు తవ్వుతున్నారు. మేం బోరబండకు మారిపోయాం.

ఆ సినిమా అప్పుడప్పుడూ టీవీలో వస్తుంది. మొన్న మా అమ్మాయి చూసి అడిగింది, "అమ్మా, అంతసేపూ పగలబడి నవ్వుతున్నావు... ఉన్నట్టుండి ఏమైంది నీకు?"

ఏం చెప్పను? తెర మీద ఆ నవ్వుకూ మూసిన నోటికీ మధ్య రెప్పపాటే. ఆ రెప్పపాటులో రెండు నెలల ఎండలున్నాయి, మా నాయిన ఇచ్చిన మాట ఉంది. అన్నీ మారిపోయాయి గానీ, ఆ ముక్కలో పందిరి ఇంకా పచ్చగానే ఉంది... అది మాదో కాదో నాకే తేలదు.

మీరూ ఎప్పుడైనా ఇలా ఎవరి మాటో పట్టుకుని మారకుండా ఉండాలని చూశారా? చూసి ఉంటే చెప్పండి...

అదే మా పొలంలో ఆఖరి ఎండాకాలమని తెలిసి ఉంటే, పన్ను లేకపోయినా సరే, నోరారా నవ్వేదాన్ని.