మేం దండం పెట్టిన ఎండుచేప

నా చిన్నప్పుడు మా అడవి ఊళ్లో సముద్రం చూసిన మనిషి ఒక్కడూ లేడు. ఆ సంగతి తెలిసే వచ్చిండు ఆ దొంగ. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతది.

మా చెల్లెకు నాలుగు రోజులుగా జ్వరం. నాయన ఆమెను భుజాన వేసుకుని భద్రాచలం దవాఖానాకు బయల్దేరుతుంటే, జోలెవాడొకడు వాకిట్లో ఎర్రగుడ్డ పరిచి ఒక ఆకారాన్ని నిలబెట్టిండు. రెండు గుంటకళ్లు, వంకరనోరు, పక్కల రెక్కలు, కింద ముళ్లతోక. "పిల్లను పట్టింది ఇదే. దవాఖానా గడప తొక్కితే పాణం తీస్తది. మూడు దినాలు ఈడనే ఉంచుండ్రి, ఆ చూడిమేకను నాకియ్యుండ్రి" అన్నడు. నాయన చెల్లెను దించి దండం పెట్టిండు. ఊరంతా పెట్టింది. నేనూ పెట్టిన.

వాడు మేక పలుపు విప్పుతుండగా ఎండుచేపల అత్త వచ్చింది. సముద్రం పక్కనుంచి వచ్చి మా సంతలో వారం వారం చేపలమ్మే మనిషి. తట్ట దించి, ఆ ఆకారాన్ని చూసి పడీపడీ నవ్వింది. "ఓరి నీ దుంపతెగ! మా టేకుచేపకి పూజలేంట్రా?" అంటూ దాన్ని లాక్కుపోయి పొయ్యి మీది వేడినీళ్లలో ముంచింది. కాసేపటికి రెక్కలు మెత్తబడి పరుచుకున్నాయి. నీచువాసన గుప్పుమంది. మాకు బాగా తెలిసిన వాసనే! లోతు నీళ్ల అడుగున, ఇసుకను కరుచుకుని బతికే చేపట అది. మేం కళ్లనుకున్నవి పొట్టవైపు ముక్కురంధ్రాలు. అత్త తిప్పి చూపిస్తే అసలు కళ్లు వీపు మీదున్నాయి. వారం వారం ముక్కలుగా కొని పులుసు పెట్టుకు తిన్నదే, నిండుగా నిలబెట్టేసరికి మాకు దయ్యమైంది.

జోలెవాడు ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు. "వాడి సంగతి తర్వాత, ముందు పిల్లనెత్తు అన్నా!" అని అత్త కసిరింది. నాయన పరుగెత్తిండు. ఇంకొక్క పూట ఆలస్యమైతే చెల్లె దక్కేది కాదని డాక్టరు తిట్టిన తిట్లు ఆయన చచ్చేదాకా మరిచిపోలేదు.

మేం చదువులేక మోసపోయినమనుకుందాం. మరి ఇప్పుడో? ఊరూరా సెల్‌ఫోన్లొచ్చినయ్, పిల్లలు కాలేజీలకు పోతున్నరు. మొన్న టీవీలో మనిషి మొహమున్న వింతజీవి అంటూ గంటసేపు అదే చేపను, అదే పొట్టవైపు నుంచి చూపించిండ్రు. కోటు తొడిగిన జోలెవాళ్లు! డిగ్రీ చదివే నా మనవడు "అవ్ తాతా, అరిష్టమంట" అన్నడు. సిగ్గనిపించింది.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలు నాకు నేనే నేర్చుకున్న. కానీ మొదటి పాఠం మాత్రం ఆ నీచునీళ్ల దగ్గరే. ఎవరైనా దేన్నైనా నా ముందు నిలబెట్టి మొక్కమంటే, చేతులు జోడించే ముందు దాన్ని ఒకసారి తిప్పి చూస్తా.