నూనె పోసినా లేవని ముల్లు

మా కారు ఇంజను పాడుచేసింది నా బావమరిదే అని ఇంటిల్లిపాది ముందూ నేనే తేల్చేశాను. వాడిది ఐరాల దగ్గర సేద్యం. మామిడి కోతలప్పుడు వారం రోజులు కారు తీసుకెళ్ళాడు. తిరిగి తెచ్చేసరికి బండి లాగడం లేదు, నిలబెడితే వణుకుతోంది.

"ఇంజను కాల్చి పెట్టినావు గదరా" అన్నాను.

"నేను యాడా వేడెక్కనీలేదు బావా. కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేస్తా."

మా వైపు ఈ మాట వచ్చాక ఇక వాదన ఉండదు. తానం చేసి వినాయకుడి ముందు నిలబడి కాదన్నవాణ్ణి నమ్మి తీరాల్సిందే. కోర్టులో రోజూ సాక్షుల చేత ప్రమాణం చెప్పించే ఉద్యోగం నాది. ప్రమాణాలంటే నాకు చులకన. "చేసిరా పో" అన్నాను. వాడు నిజంగానే వెళ్ళి చేసొచ్చాడు. ఆ సంగతి నా భార్య చెప్పింది. చెప్పి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంజను మొత్తం విప్పి కట్టించాలేమో అని చిత్తూరులో మా వీధి చివర ఉన్న ముసలి మెకానిక్కుకు చూపించాను. విప్పే ముందు సిలిండర్లలో ఒత్తిడి ఎంతుందో చూద్దామన్నాడు. బావమరిదిని కూడా రమ్మని ఫోన్ చేశాను. మీటరు మీద నిజం బయటపడితే వాడి ముఖం ఎలా ఉంటుందో చూడాలని. అంతకంటే మంచి కారణమేదీ లేదు.

మెకానిక్కు నాలుగు ప్లగ్గులూ తీసి, ఒక్కో రంధ్రానికీ మీటరు బిగించి, నా చేత తాళం తిప్పించాడు. మొదటిదానికీ నాలుగోదానికీ ముల్లు బాగా లేచింది. రెండోదానికీ మూడోదానికీ సగం కూడా లేవలేదు. ఆ రెండింటిలో చెంచాడు చొప్పున ఇంజనాయిలు పోసి మళ్ళీ తిప్పించాడు. ముల్లు అంతే.

"లోపల పిస్టన్ రింగులు అరిగింటే నూనె ఆ సందు మూస్తాది, ముల్లు లేయాల సార్. లేయలా. పక్కపక్క రెండూ ఒకే మాదిరి పడినాయంటే ఆ రెండిటి నడమ హెడ్డు కింద అతుకుకేసే గ్యాస్కెట్ రేకు కాలిపోయుండాది. ఇంజనంతా విప్పే పనిలేదు, పైన హెడ్డు తీస్తే సాలు. నీళ్ళు లేకుండా, బాగా కాగిపోయినా ఆపకుండా నడిపినారు. ఎవురది?"

ఎవరో నాకు తెలుసు. వాడికి కారిచ్చే ముందు వారమే సత్యవేడులో పెళ్ళికి ఒక్కణ్ణే వెళ్ళాను. దారిలో వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. ముహూర్తం తప్పుతుందని ఆపలేదు. మండపం దగ్గర సీసాలతో నీళ్ళు పోసి, ఏమీ కాలేదులే అనుకున్నాను. ఆ తర్వాత మరిచిపోయానని రాసుకుంటే బాగుంటుంది. మరిచిపోలేదు.

నేను నోరు విప్పలేదు. బావమరిది తల దించుకుని, "నేనే సూసుకోలేదేమో అన్నా" అన్నాడు మెకానిక్కుతో. అప్పుడూ నేను నోరు విప్పలేదు.

కారు అక్కడే వదిలి, ఇంటి నుంచి స్కూటర్ తెచ్చి, వాణ్ణి ఐరాలలో దింపడానికి బయల్దేరాను. కాణిపాకం దగ్గరకొచ్చేసరికి వెనకనుంచి నా భుజం తట్టాడు.

"ఈడ ఆపు బావా. సామి ముందర అబద్ధం ఆడేసినాను. తప్పు ఒప్పుకోని వస్తా."

ఆపాను. దిగుతున్నవాడి చెయ్యి పట్టుకుని సత్యవేడు సంగతంతా చెప్పాను. ఇంటిల్లిపాది ముందూ అరిచిన గొంతు, అప్పుడు నాకే సరిగ్గా వినబడలేదు.

వాడు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "అయితే నా ప్రమాణం నిజమే గదా బావా?" అన్నాడు. కారు గురించి గానీ, నేనన్న మాటల గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఇన్నాళ్ళూ నేను వేళాకోళం చేసిన ప్రమాణం ఒక్కటే వాడికి కావలసింది.

"నిజమేరా" అన్నాను.

వాడి ముఖం తేటపడింది. మళ్ళీ వెనక ఎక్కి కూర్చున్నాడు. స్కూటర్ కదిలాక మెల్లగా అన్నాడు:

"ఇంట్లో అందరి ముందర ఆ సత్యవేడు సంగతి నువ్వే చెప్పాల బావా. నేను చెప్తే ఎవురూ నమ్మరు."