డెబ్బై ఏళ్ళ నాకు దండ పడిన రోజు

డెబ్బై ఏళ్ళు వచ్చాక మీరు ఎలాంటి ముసలివాళ్ళు అవుతారో ఎప్పుడైనా నిజాయితీగా ఊహించుకున్నారా? చాలామంది ఊహించుకోరు. ఊహించుకున్నవాళ్ళు కూడా కాసేపు దిగులుపడి, కాఫీ తాగి మరచిపోతారు. నేను అలా ఊరుకునే రకం కాదు. ఊహించుకున్నాను, బొమ్మ చేయించాను, ఫ్రేము కట్టించాను, ఇంటికి మోసుకొచ్చాను. ఆ తెలివితేటల ఫలితంగా తిరుపతిలోని మా అద్దె ఇంటి ముందు గదిలో, నేను రెండు కాళ్ళ మీద నిలబడి చూస్తుండగానే, నా పటానికి దండ పడింది. కర్పూరం వెలిగింది. ఇరుగుపొరుగు చెప్పులు విడిచి వచ్చి దణ్ణం పెట్టుకున్నారు.

అయిదేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు నలభై ఏడు. వారమంతా కాలేజీలో పాఠం, ఆదివారం వస్తే మూఢనమ్మకాల మీద యుద్ధం. మైకు కనిపిస్తే చాలు, అది పెళ్ళివాళ్ళదా సభవాళ్ళదా అని కూడా చూసేవాణ్ణి కాదు. ప్రతి సభ అయ్యాక ఎవరో ఒకరు భుజం తట్టి ఒకే మాట అనేవారు.

"ఇప్పుడు ఇట్లనే అంటావులేప్పా. డెబ్బై రానీ, మోకాళ్ళు పట్టుకోని నువ్వే కొండ మెట్లెక్కుతావు."

ఈ మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. దీనికి వేదిక మీదే జవాబు చెప్పాలనుకున్నాను. 'డెబ్బై ఏళ్ళ నాకు ఒక హెచ్చరిక' అని ఉపన్యాసం పెట్టుకున్నాను. ముసలి నన్ను పటం కట్టించి కుర్చీలో కూర్చోబెడతాను. "ఓయ్ పెద్దమనిషీ, దారి తప్పావో జాగ్రత్త!" అని జనం ముందు నన్ను నేనే నిలదీస్తాను. నా ఊహలోని ఆ ముసలివాడు మామూలోడు కాదు. జూలులాంటి తెల్లజుట్టు, నిటారు వెన్ను, మైకు అక్కరలేని గొంతు. మోకాళ్ళ నొప్పులకు ఆయన్ను చూస్తేనే భయం.

ఇక్కడ ఒక చిన్న విషయం దాచాను, చెప్పేస్తాను. అదే నెలలో మా కాలేజీలో వైద్య శిబిరం పెడితే, డాక్టరమ్మ నా బీపీ చూసి, మిషను చెడిందేమోనని ఇంకోదానితో చూసి, ఆ తర్వాత నన్ను చూసింది.

"రోజుకొక మాత్ర. జీవితాంతం."

"నాకు తలనొప్పి లేదు, కళ్ళు తిరగవు. ఏ లక్షణమూ లేని రోగాన్ని నమ్మమంటున్నారా? కనిపించని దయ్యాన్ని నమ్మడానికీ దీనికీ తేడా ఏమిటి?" అన్నాను, సభను గెలిచినవాడిలా.

ఆవిడ వాదించలేదు. చీటీ రాసి, "తర్వాత?" అని పక్కవాణ్ణి పిలిచింది. దాన్ని కూడా నేను విజయంగానే లెక్క వేసుకున్నాను. మాత్రలు కొన్నాను, కొనకపోతే అమ్మ గొడవ చేస్తుంది కనుక. అట్ట చొక్కా జేబులో పెట్టుకున్నాను, అమ్మకు కనబడాలి కనుక. మింగడం మాత్రం మొదలుపెట్టలేదు.

అమ్మ భయానికి కారణం ఉంది. మా నాయన నగరిలో చేనేత కార్మికుడు. నలభై మూడో ఏట, మగ్గంలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అంటే ఈ వైద్య శిబిరం నాటికే నేను మా నాయన కంటే నాలుగేళ్ళు పెద్దవాణ్ణి. ఆయన ఫోటో ఇంట్లో ఒక్కటే ఉంది. చేనేత సొసైటీవాళ్ళ గ్రూపు ఫోటోలో, వెనక వరసలో, మిరియపు గింజంత మొహం.

సరే, పటం సంగతి. ఫోనులో ఒక యాప్ నా మొహానికి ఇరవై మూడేళ్ళు కలిపి ఇచ్చింది. దాన్ని పెద్దది చేయించి బస్టాండు దగ్గర ఫ్రేముల అంగడికి పట్టుకుపోయాను. అంగడాయన బొమ్మ చూడగానే గొంతు తగ్గించాడు.

"పెద్దాయన ఎప్పుడు పోయినాడు సార్?"

"పోలేదప్పా. ఇంకా రాలేదు."

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "అట్లనే ఉంటాది సార్. ఒకొకరికి నమ్మబుద్ధి కాదు."

పావుగంట వివరించాను. తల ఊపాడు. సాయంత్రం పోతే పటానికి బంగారు రంగు అంచు, పైన దండకు రెండు కొక్కేలు, కింద ఎర్ర బల్బు, దానికొక వైరు.

"ఇవెందుకప్పా?"

"పెద్దోళ్ళ పటానికి అవి లేకుంటే బాగుండదు సార్."

దేవుడితోనే వాదించే మనిషిని ఫ్రేముల అంగడాయన రెండు ముక్కల్లో ఓడించి పంపాడు.

ఆదివారం సాయంత్రం సభ. మధ్యాహ్నం పటాన్ని ముందు గదిలో కుర్చీ మీద పెట్టి స్నానానికి పోయాను. తువ్వాలు చుట్టుకుని బయటికి వచ్చేసరికి అమ్మ పటం ముందు నేల మీద కూర్చుని ఉంది. కొంగు నోటికి అడ్డం. వైరు గోడకు పెట్టేసింది, ఎర్ర బల్బు వెలుగుతోంది.

"ఎట్లా చేయించినావురా?" అంది. "ఆ సొసైటీ ఫోటోలోంచి తీయించినావా?"

"ఏది?"

"మీ నాయన్ని! ముసిలోడైతే ఇట్లనే ఉంటాడని నాకు తెల్సురా. అదే నుదురు. ఆ సూపు సూడు, ఎవురన్నా మాట తప్పితే ఇట్లనే సూసేటోడు. నలభై ఏండ్లాయ ఈ మొగం సూసి."

నిజం ఎంత చేదైనా ఎదుటివాడి మొహాన చెప్పి తీరాలని నేను నాలుగు వ్యాసాలు రాశాను. ఇదుగో, అయిదో వ్యాసం అవసరమైన చోటు. నోరు తెరిచాను.

"అమ్మా, అది..."

"ఏంది?"

"అది... తడి చేత్తో ముట్టుకోవద్దు. కరెంటు."

చొక్కా తొడుక్కునే లోపలే అమ్మ ఎదురింటికి కేక వేసింది. మంగమ్మ జడలోకి కట్టుకున్న మల్లెపూల మూరతో సహా వచ్చేసింది. వెనకే ఆమె భర్త మునిరత్నం, రిటైరైన బస్సు డ్రైవరు. రాహుకాలం గురించి నాతో రోజూ గేటు దగ్గర తగువు పడే మనిషి. ఆయన చెప్పులు బయట వదిలి, పటం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మొగంలో ఏం కళ ఉండాది! ఎంత గంభీరం!" అన్నాడు. తర్వాత నన్ను కిందికీ పైకీ చూశాడు. "కొడుక్కి ఒక్క పిసరన్నా రాలేదే!"

పూలు కొక్కేలకు ఎక్కాయి. నుదుట బొట్టు పడింది. కర్పూరం వెలిగింది.

"రారా, నాయనకు దణ్ణం పెట్టుకో," అంది అమ్మ.

పాఠకులారా, వేదికల మీద నేను చాలామంది అహంకారుల్ని చూశాను. తన పటం ముందు తానే చేతులు జోడించి, కర్పూరం కళ్ళకద్దుకున్నవాణ్ణి మాత్రం చూడలేదు. ఆ కొరత తీర్చడానికే అన్నట్టు, నేను రెండు చేతులూ కలిపిన క్షణాన గుమ్మంలోకి భాస్కర్ వచ్చాడు. మా హేతువాద వేదిక కార్యదర్శి. గోడ మీద దేవుడి క్యాలెండరు ఉంటే ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు. పటాన్ని సభకు తీసుకుపోవడానికి ఆటోతో వచ్చాడు.

"అన్నా! నీ పటానికి నువ్వే మొక్కుకుంటా ఉండావా?"

"ఎవురి పటం?" అంది అమ్మ.

"అన్నదే గదమ్మా! డెబ్బై ఏండ్లకు ఎట్లుంటాడో ఫోన్లో చేసుకున్న్యాడు. సభకు."

"అయ్యో నా తల్లీ! బతికుండే మనిషికి దండా!" మంగమ్మ ఉప్పూ మిరపకాయలకు వంటింట్లోకి పరిగెత్తింది. మునిరత్నం ఊపిరి బిగబట్టి కర్పూరం ఊదాడు, ఆరలేదు, మళ్ళీ ఊదాడు, ఆయన మీసం కొస కమిలింది. "కొండకు గుండు మొక్కుకో సార్, గండం పోతాది!" అని అరుస్తూనే బల్బు వైరు పీకాడు.

"ఇదంతా మూఢనమ్మకం!" అని భాస్కర్ అందుకున్నాడు. "పటానికి దండ ఏస్తే మనిషి పోతాడా? అన్నా, నువ్వు సెప్పు!"

నేను గర్జించాల్సిన చోటు అది. మీ దగ్గర దాచి ఏం లాభం? ఆ క్షణాన నా గుండె పవర్‌లూములాగా కొట్టుకుంటోంది. "పోడులే," అన్నాను, నాకే వినబడనంత గట్టిగా.

అమ్మ అరవలేదు. లేచి దండ తీసింది. పటాన్ని చూసింది, నన్ను చూసింది.

"అయితే ఇది నువ్వేనా?"

"నేనేమ్మా."

"డెబ్బై ఏండ్లకా?"

"ఆ."

"నీకు డెబ్బై వస్తాయని ఎవురు సెప్పినారు?"

"యాప్..."

"మాత్ర ఏసుకోకున్నా వస్తాయని సెప్పిందా?"

నా జేబులో చెయ్యి పెట్టి అట్ట బయటికి లాగింది. ఒక్క మాత్ర కూడా తగ్గలేదు. జేబులో రాసుకుని రాసుకుని అట్ట తళతళ మెరుస్తోంది.

"మీ నాయన తలనొప్పంటే తాయెత్తు కట్టిరి. దాన్ని నమ్ముకోని ఆస్పత్రికి పోకపాయ, మగ్గంలోనే ఒరిగిపాయ. ఆ తాయెత్తును తిడతా ఊరూరా తిరుగుతావే, ఇదేందిరా మరి? కడుపులోకి పోకుండా జేబులో ఉండే మాత్రకూ తాయెత్తుకూ తేడా ఏంది?"

ముప్పై ఏళ్ళు వాదించాను. పండితులతో, జ్యోతిష్కులతో, ఒకసారైతే ఏకంగా ఇద్దరు లాయర్లతో. ఎవరూ నన్ను ఇలా గోడకు మేకు కొట్టినట్టు కొట్టలేదు. మునిరత్నం మెల్లగా, "అక్కా, ఇది పాయింటు," అని చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చాడు.

నా మొదటి మాత్ర అలా, నలుగురు చూస్తుండగా మింగాను. మంగమ్మ ఆ పక్కనే దిష్టి తీసేసింది. ఆమెను ఆపే నైతిక హక్కు నాకు ఆ పూట లేదు.

పటం సభకు పోలేదు. అమ్మ ఇవ్వలేదు. "ఈడే ఉండనీ. మీ నాయన ముసిలోడై నాకు కనిపియ్యకుండానే పాయ. నువ్వన్నా అయ్యి సూపీ," అంది.

ఇప్పుడు నాకు యాభై రెండు దాటాయి. నేను ఊహించుకునే ముసలివాడు కూడా మారిపోయాడు. జూలు లేదు, గర్జన లేదు. మాత్రల డబ్బా ముందు పెట్టుకుని, ఎవరో ఒకరు కసురుకుంటుంటే తల ఊపే మామూలు ముసలాయన. అంతకంటే గొప్ప పదవి నాకొద్దు. ఆ డాక్టరమ్మకు, నా వాదన వినకుండా పక్కవాణ్ణి పిలిచినందుకు, ఋణపడి ఉన్నాను. పొద్దున్నే గేటు దగ్గర "మాత్ర ఏసుకున్న్యావా సార్?" అని వీధంతా వినేలా అడిగే మునిరత్నానికీ ఋణపడి ఉన్నాను. రాహుకాలం విషయంలో ఇప్పటికీ ఆయనది తప్పే. అమ్మకు నేను ఏమని కృతజ్ఞత చెప్పను? రోజుకొకటి మింగుతున్నాను, అంతే.

ఇందుమూలంగా లోకానికి గంభీరంగా తెలియజేయడమేమనగా: ఇకపై నేను ఏ వయసులోని నా మొహాన్నీ ఫ్రేము కట్టించను, మిషను చూపిన అంకెతో వాదించను, నాకు నేను దణ్ణం పెట్టుకోను. కొండ దేవుడి మీద ఒట్టు వేయలేను కనుక, నా డాక్టరు చీటీ మీద ఒట్టు.

ఇక మీరు. నవ్వింది చాలు, లేవండి. చొక్కా చేయి పైకి మడిచి, దగ్గరున్న ఆస్పత్రికి పోయి ఈ రోజే బీపీ చూపించుకోండి. మాత్ర రాసిస్తే వాదించకండి. మింగండి.