మంత్రిగారు ఫోటో దిగిన పైత్యరసం సీసా

1968లో నన్ను టెక్కలి తాలూకాలో ఒక ప్రభుత్వాసుపత్రికి సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ఊరి పేరు చెప్పను. కాలేయం మార్చాక పైత్యనాళం అతుకు కారకుండా, మూసుకుపోకుండా ఎలా కాపాడాలని ఇప్పటి కుర్ర డాక్టర్లు చర్చించుకుంటుంటే వింటూ ఉంటాను. మాకు కాలేయం మార్చడం మాట అటుంచి, ఆపరేషన్ థియేటర్లో మాడిపోయిన బల్బు మార్చాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి. అయినా నాళం నాళమే. దాన్ని కోసి కుట్టినవాడి భయం అప్పుడూ ఇదే.

బారువ దగ్గర జీడితోట ఉన్న రైతు కామయ్య పచ్చకామెర్లతో వచ్చాడు. అప్పటికే పసరు పోయించుకుని, చేతిమీద వాతలు కూడా పెట్టించుకున్నాడు. కాలేయం నుంచి పైత్యరసం పేగులోకి దిగే నాళంలో రాయి అడ్డుపడింది. రాయి తీసి టీ-ట్యూబు పెట్టాను. ఇంగ్లీషు ‘టి’ అక్షరంలా ఉండే రబ్బరు గొట్టమది. అడ్డకొమ్ములు నాళంలో ఉంటాయి, కాడ పొట్టలోంచి బయటికొచ్చి మంచానికి కట్టిన సీసాలోకి దిగుతుంది. రసం బయటికి పోతుంటే కుట్లమీద ఒత్తిడి పడదు. గొట్టం చుట్టూ లోపల దారి గట్టిపడేదాకా దాన్ని కదపకూడదు. ముందే లాగేస్తే రసం కడుపులోకి కారి మనిషి ప్రాణం మీదికొస్తుంది.

మంచం పక్కన కామయ్య అక్క అప్పలమ్మ కూర్చునేది. పిల్లనిచ్చిన అత్త కూడా తనే కాబట్టి ఆవిడ మాటకు రెండు హోదాల బలం. కామెర్లంటే ఒంట్లో పైత్యం పెరిగిపోవడమని, సీసా ఎంత నిండితే తమ్ముడు అంత బాగుపడినట్టని ఆవిడ లెక్క. చూడవచ్చిన ఊరివాళ్లందరికీ సీసా చూపించి మురిసిపోయేది. ఆ రసం అరుగుదలకు కావాలని, ఎల్లకాలం బయటికి పోతే మనిషి నీరసిస్తాడని నేను చెబితే జాలిగా చూసేది.

ఇంతలో మంత్రిగారి పర్యటన వచ్చిపడింది. ఏర్పాట్లు చూడడానికి ముందుగా మా పై అధికారి దిగారు. గోడలకు సున్నం బాగుందన్నారు. కామయ్య మంచం దగ్గర ఆగి ముక్కు మూసుకున్నారు. ఆ పచ్చటి సీసా మంత్రిగారి కంట పడకూడదు, గొట్టం తీసేసి కట్టు కట్టండి, రోగి కోలుకున్నట్టు కనిపిస్తాడు అన్నారు. లోపల దారి గట్టిపడలేదని చెప్పాను. మంత్రిగారు ఆగరు గనక దారే త్వరగా గట్టిపడాలన్నట్టు చూసి, గొట్టం లాగడానికి నర్సును పట్టకారు తెమ్మన్నారు.

అప్పలమ్మ లేచి గొట్టానికి అడ్డంగా నిలబడింది.

“మా తమ్ముడొంట్లో పైత్తెం ఇంకా ఉంది బాబూ. అదంతా ఎలిపోతే గానీ తియ్యనివ్వను. మంతిరిగారు సూడనేకపోతే అటేపు తిరగమని సెప్పు.”

చెప్పింది తప్పే, చేసింది మాత్రం ఒప్పు. చివరికి సీసామీద తువ్వాలు కప్పడానికి రాజీ కుదిరింది.

మర్నాడు మంత్రిగారు తిన్నగా ఆ తువ్వాలు దగ్గరికే వచ్చి ఏమిటని అడిగారు. తమ ప్రభుత్వ హయాంలో వచ్చిన అధునాతన చికిత్స అని మా అధికారి తడుముకోకుండా చెప్పారు. మంత్రిగారు తువ్వాలు తీయించి సీసా పక్కన ఫోటో దిగారు. ఆ సాయంత్రమే అధికారి నన్ను పిలిచి, ఫోటో పేపర్లో పడేదాకా గొట్టం తియ్యొద్దని హుకుం వేశారు.

తియ్యాల్సిన సమయం వచ్చేసరికి ఫోటో పడలేదు, అప్పలమ్మ ఒప్పుకోలేదు. కామయ్య మాత్రం చిక్కిపోతున్నాడు. గొట్టానికి క్లిప్పు పెట్టి మూశాను. జ్వరం రాలేదు, నొప్పి లేదు. సున్నంలా తెల్లగా వచ్చే విరేచనం మళ్లీ పసుపు రంగు తిరిగింది. రసం తన దారిన పేగులోకి పోతోందనడానికి అదే గుర్తు. అప్పలమ్మను దొడ్డివైపు తీసుకెళ్లి చూపించాను. ఆవిడ వంగి, తీరిగ్గా పరీక్షించి, “అయితే ఇంక తీసీ బాబూ” అంది. తీసేశాను. కామయ్య నడిచి ఇంటికెళ్లాడు.

నాళం ఎందుకు చెడుతుందో పుస్తకాలు చెబుతాయి గానీ, మంచం చుట్టూ చేరే పెత్తనాల గురించి చెప్పవు. ఆ తర్వాత నాళం కుట్టిన ప్రతిసారీ రోగి ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ముందు కనుక్కుని, గొట్టం ఎందుకో, ఎప్పుడు తీస్తానో వాళ్లకు చెప్పేవాణ్ణి. పై అధికారులకు మాత్రం తీసేశాకే చెప్పేవాణ్ణి.